శ్రుతి ఎవరిది?

జిల్లా ఆఫీసు మోటారు సైకిలు జీడిచెట్టు కింద ఆగేటప్పటికి ఫిలిమోన్ పాత టైరు ముక్కని సన్నంగా చీల్చి వాయింపు పుల్లల తలలకు చుడుతున్నాడు. బండి దిగినవాడు తావారెస్, సంస్కృతి శాఖ ఉద్యోగి. చంకలో కాగితాల అట్ట. బూట్లలో దూరిన ఇసుకని ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంటూనే వాకిలంతా కలయజూశాడు. చాపల మీద పదిహేడు టింబిలా వాద్యాలు వరసగా ఉన్నాయి. నిప్పుల మీద ఎండి నల్లబడిన మ్వెంజె కర్ర పలకలు, పలక పలక కిందా వేలాడే కాయబుర్రలు. శనివారం సరస్సు గట్టున పండగ. దానికోసం సిద్ధమవుతున్నాయి.

"ఏం పెద్దాయనా, అన్నీ కొత్తవేనా?"

"యుద్ధంలో ఊరు తగలబెట్టినవాళ్ళు పాతవి మిగిల్చి పోయారా? అన్నీ ఈ ఆరేళ్ళలో చేసినవే. పదిహేడూ నేనే చేశాను. పదిహేడింటికీ నేనే శ్రుతి పెట్టాను."

చాప చివర కూర్చున్న ఫెలిజార్దా చెయ్యి ఆగింది. ఆమె ఫిలిమోన్ తమ్ముడి భార్య. తమ్ముడు లాజరో పొలం దారిలో మందుపాతర మీద కాలు వేసి పోయినప్పటి నుంచి ఈ వాకిట్లోనే ఉంటోంది. ఆమె చేతిలో ఒక కాయబుర్ర, పక్కన మట్టి మూకుట్లో కాగుతున్న నల్లటి తేనెమైనం. బుర్ర పక్కన పొడిచిన చిన్న చిల్లు మీద ఆవు పేగు పొరని లాగి పరిచి, చుట్టూ వేడి మైనాన్ని వేలితోనే అదుముతోంది. టింబిలా గొంతులో జుమ్మనే రొద ఆ పొరదే. బిగువు ఎక్కువైతే గొంతు మూగబోతుంది, తక్కువైతే ఎండుటాకులా కొట్టుకుంటుంది. చెయ్యి ఆగినంతసేపట్లో మైనం ఆమె వేలి మీద గడ్డకట్టింది. దాన్ని పంటితో గీకి ఉమ్మేసి మళ్ళీ పనిలో పడింది.

ఫిలిమోన్ అది చూశాడు. చూసి, ఇంకో పుల్ల అందుకున్నాడు.

తావారెస్ అట్ట విప్పాడు. "ఈసారి రాజధాని నుంచి అతిథులు వస్తున్నారు. ఊరికి ఇరవై నిమిషాలు ఇస్తాం. మొదలూ చివరా డాన్సు ఊపుగా ఉండాలి. నడుమ మీ మ్జెనో ఉంటుంది కదా, మాటల పాట..." గొంతు సవరించుకున్నాడు. "అది ఐక్యత మీదో అభివృద్ధి మీదో ఉంటే మంచిదన్నారు. మాటలు రాసి శుక్రవారం లోపల ఆఫీసులో ఇవ్వాలి. ఇదిగో, ఈ గీతల మీద రాస్తే చాలు."

"ఎన్ని గీతలున్నాయి?"

"ఆరు."

"మా ఊరి ఏడుపు ఆరు గీతల్లో పడుతుందని కొలిచి తెచ్చావా నాయనా?"

టింబిలాల అవతల కూర్చుని డాలుకి తోలు బిగిస్తున్న అమోస్సె గట్టిగా నవ్వాడు. ఆటగాళ్ళకి పెద్ద అతను. ఫిలిమోన్‌తో కలిసి సరిహద్దు అవతల జోనీ బంగారు గనుల్లో పదేళ్ళు పలుగు పట్టినవాడు. ఫిలిమోన్‌ని ఒరేయ్ అనగలిగిన మనిషి ఊళ్ళో అతనొక్కడే మిగిలాడు.

ఫిలిమోన్ పుల్లలు పక్కన పడేశాడు. "మ్జెనో అంటే ఏంటో తెలుసా నీకు? పదకొండు ఆటలు ఆడతాం. పదింట్లో కాళ్ళు ఎగురుతాయి. ఒక్కదాంట్లో నోరు తెరుస్తాం. ఆ ఒక్కదానికే ఈ పదిహేడూ గొంతు తగ్గిస్తాయి. ఎందుకు? మాట వినబడాలని! ఆ మాట మీ ఆఫీసులో ముందే నమిలి మింగేశాక నేను గొంతు తగ్గించేది దేనికి? నా నడుం నొప్పికా?"

"మా తాత కూడా ఆడినవాడే పెద్దాయనా. నేనేం పరాయివాణ్ణి కాదు. పైనుంచి కాగితం వచ్చింది, తెచ్చాను."

"మీ తాత ఆడింది తెలుసు. మీ తాత మీద పాడిందీ తెలుసు."

"మేక పాట!" అన్నాడు అమోస్సె. "పక్కూరి మేక వీళ్ళ తాత దొడ్లో ఈనింది చూడు, దాని మీద. ఏడాది పొడుగునా పిల్లలు ఆయన కనబడితే మే మే అన్నారు."

తావారెస్‌కి నవ్వొచ్చింది. ఆఫీసు గుర్తొచ్చి ఆపుకున్నాడు.

ఫిలిమోన్ నవ్వలేదు. అతని చూపు టింబిలాల మీద నుంచి ఎటో పోయింది. "మా మేనమామ జెరెమియాస్ టింబిలా పెద్దగా ఉన్నప్పుడు, అది తెల్లదొరల కాలం. రోడ్డు వెట్టికి ఊరివాళ్ళ కొడుకుల్ని పంపి, సొంత కొడుకుల్ని ఇంట్లో దాచుకున్నాడు మా ఊరి నాయకుడు. ఆ నాయకుడి మీద మ్జెనో కట్టారు. ఎదురుగా కుర్చీలో కూర్చునున్నాడు వాడు. పక్కన తుపాకీ బంట్రోతులు. మామయ్య పుల్లలు ఇలా... ఇలా తగ్గించాడు." అతని చేతులు గాల్లోనే మెల్లగా కిందికి వాలాయి. పిట్టలు నేల మీద వాలినట్టు. "నేను అప్పుడు ఆయన వెనక నీళ్ళ కుండ పట్టుకుని నిలబడ్డాను. ప్రతి మాటా వినబడింది నాకు. అటు కొండ మీద మేకలు కాసేవాళ్ళకీ వినబడిందట. నాయకుడు లేవలేదు. ఎవరి మీద పాడితే వాళ్ళు చివరి దెబ్బ దాకా లేవకూడదు. జవాబు చెప్పకూడదు. చెప్పాలనుంటే వచ్చే ఏడు తన పాట తను కట్టించుకోవాలి. అదీ చట్టం. మీ కాగితాల్లో ఉండదు."

"ఆట అయ్యాక ఏమైంది?" తావారెస్ అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఆ కుర్చీలోంచి లేచి వచ్చి మాతో ఒకే కుండలో కొబ్బరి కల్లు తాగాడు. వారం తిరిగేసరికి అతని పెద్దకొడుకు రోడ్డు మీద రాళ్ళు కొడుతున్నాడు. అలాంటి ఆటరా ఇది. వెళ్ళి చెప్పు. మ్జెనో ఊరు ఎంచుకున్నదే ఉంటుంది. కుదరదంటే నేనూ రాను, పండగకి ఆడే మిగతా మూడూళ్ళ వాళ్ళనీ రానివ్వను. మీ అతిథులకి కప్పల చేత పాడించుకోండి. సరస్సులో బోలెడున్నాయి."

తావారెస్ బండెక్కాడు. గీతల కాగితం మాత్రం పీట మీదే ఉంచేశాడు. "మనసు మారితే పనికొస్తుంది," అన్నాడు. ఫిలిమోన్ దాన్ని కప్పు గడ్డిలోకి దోపాడు, చుట్టకి నిప్పంటించుకోవడానికి పనికొస్తుందని.

*

బుధవారం పొద్దున్నే కబురొచ్చింది. ఒప్పుకున్నారు. మాటలు రాసివ్వక్కర్లేదు. ఇరవై నిమిషాలు మాత్రం ఇరవై నిమిషాలే.

ఆ పూట ఫిలిమోన్ నడక చూడాల్సింది. బావి దగ్గరికి పోయాడు, చేపలు ఎండేసే పందిరి దగ్గరికి పోయాడు, పనేమీ లేకపోయినా బడి దాకా పోయాడు. పోయిన ప్రతిచోటా అదే మాట: "కాగితం వెనక్కి పంపించాను." అరవై రెండేళ్ళ మనిషి గనుల నుంచి కొత్త టోపీతో దిగిన కుర్రాడిలా నడిచాడు. మధ్యాహ్నం తిరిగాక ఫిర్యాదు చాప తనే పరిచాడు. ఊరి ఆచారం ప్రకారం ఎవరైనా వచ్చి ఆ చాప మీద కూర్చుని తమ కష్టం చెప్పుకోవచ్చు. వినేటంతసేపూ టింబిలా పెద్ద తన పుల్లలు నేల మీద పెట్టెయ్యాలి. పుల్లలు నేల మీద ఉండగా అతని మాటకి విలువ లేదు. ఏ కష్టం పాట కావాలో ఆడేవాళ్ళు ఎంచుతారు. దానికి బాణీ కట్టడమే అతని పని.

మొదట ఒక ముసలామె వచ్చింది. ఆస్పత్రి నర్సు మంగళవారం మాత్రమే వస్తుందట. "మా ఆయాసానికి మంగళవారం ఎప్పుడో తెలియదు నాయనా, శుక్రవారం వచ్చేస్తోంది." అందరూ నవ్వారు, ముసలామె కూడా నవ్వింది, తరవాత కళ్ళు తుడుచుకుంది. తరవాత ఒకతను బస్సు కండక్టరు గురించి చెప్పాడు. చేపల బుట్టలకి లోపల చోటిచ్చి మనుషుల్ని టాపు మీద కూర్చోబెడుతున్నాడట. "చేప చచ్చిందే కదా, పైన కూర్చుంటే జలుబు చేస్తుందా?" అని అడిగాడు. ఆడపిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు.

ఫిలిమోన్‌కి కడుపు నిండిపోయింది. ఇది కదా ఊరు! జోనీలో గని గేటు దగ్గర ఆదివారాలు ఇలాగే చేరేవాళ్ళు. మేస్త్రీ మీద పాడేవాళ్ళు, గంజిలో పురుగుల మీద పాడేవాళ్ళు, వెళ్ళొస్తానని చెప్పకుండా సొరంగంలో ఉండిపోయిన స్నేహితుడి మీద పాడేవాళ్ళు. పక్కన లాజరో ఉండేవాడు. వాడు వాయించేది తక్కువ. చెవి దగ్గర బుర్ర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "అన్నా, ఇది విను, ఇప్పుడు ఇది విను, తేడా తెలిసిందా?" అనేవాడు. ఫిలిమోన్ తల ఊపేవాడు. అతనికి తేడా తెలిసేది కాదు. ఒక్కసారి కూడా తెలియలేదు. ఎంతైనా వాయించగల చేతులిచ్చిన దేవుడు ఆ ఒక్కటీ ఇవ్వలేదు. ఆ సంగతి లాజరోకి కూడా చెప్పలేదతను.

"ఇంకెవరన్నా ఉన్నారా?" అన్నాడు అమోస్సె.

ఫెలిజార్దా మూకుడు దించి పక్కన పెట్టింది. చేతులు నడుముగుడ్డకి తుడుచుకుని వచ్చి చాప మీద కూర్చుంది.

"ఏం చెల్లెమ్మా, కోళ్ళ సంగతా?" అన్నాడు అమోస్సె.

"కోళ్ళు బాగానే ఉన్నాయన్నా."

ఆమె ఫిలిమోన్ ముఖం కేసి చూడలేదు. అతని ముందు నేల మీదున్న పుల్లలకేసి చూసి మాట్లాడింది. "ఆయన పోయిన ఏడు నుంచి పలకలు చెక్కింది నేను. కింద నడుమ గీకితే గొంతు దిగుతుంది, చివర గీకితే ఎక్కుతుంది. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పలక కొట్టి చూస్తాను, బుర్ర ఊది చూస్తాను, రెండూ ఒక్క గొంతు అయ్యేదాకా మైనంతో మూతి కడతాను. ఆరేళ్ళలో పదిహేడు. నిన్న ఆఫీసాయనతో బావగారు, అన్నీ నేనే చేశాను, శ్రుతి నేనే పెట్టాను అన్నారు. పోయినేడు పండగలోనూ అదే అన్నారు. అంతకుముందేడూ అన్నారు. ఆట మొదలయ్యాక నేను వంట దగ్గరుంటాను. గిన్నెల చప్పుడులో నా శ్రుతి నాకే వినబడదు. అదీ నా కష్టం."

జీడిచెట్టు మీద కాకి ఒకటి అరిచింది. దాన్ని తోలడానికి కూడా ఎవరూ కదల్లేదు.

"ఇది ఇంటి విషయం," అన్నాడు ఫిలిమోన్.

అమోస్సె గడ్డం గోక్కున్నాడు. "ఆ నాయకుడూ పాటకి ముందు అదేగా అన్నాడు? వెట్టి సర్కారు విషయం, మీకెందుకు అని."

"నువ్వు నోరు ముయ్యి."

"మూస్తాను. పుల్లలు నేల మీదున్నాయి ఫిలిమోన్. ముందు నువ్వు ముయ్యి."

ఆడేవాళ్ళు ఇరవై ఇద్దరు లేచి నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది ఆడపిల్లలు. ఒకప్పుడు ఆడపిల్లల్ని ఆ వరసలో నిలబెట్టేవాళ్ళు కాదు. యుద్ధం మగవాళ్ళని తినేశాక వరస నిండాలి కదా, అప్పుడు ఆచారం గుర్తురాలేదు ఎవరికీ. అమోస్సె ఒక్కో కష్టం పేరు చెప్పాడు. నచ్చినవాళ్ళు కుడికాలు నేలకి కొట్టాలి. బస్సుకి రెండు కాళ్ళు పడ్డాయి. నర్సుకి ఆరు. ఫెలిజార్దా పేరు చెప్పేసరికి పడ్డ కాళ్ళకి మూకుట్లో మైనం తొణికింది.

"అయిపోయింది," అన్నాడు అమోస్సె. "చెల్లెమ్మా, తెలుసుగా. కష్టం చెప్పుకున్నవాళ్ళు మ్జెనో పూర్తయ్యేదాకా వాయిద్యం ముట్టకూడదు. రేపు ఎవరూ నిన్ను వేలెత్తి చూపకూడదు."

"తెలుసు," అంది ఆమె. మూకుడు తీసుకుని లోపలికి పోయింది.

*

గురువారం అమోస్సె మాటలు తెచ్చాడు. ఆడపిల్లలు కట్టిన మాటలు. రాసుకుని రాలేదు, నిలబడి చెప్పాడు:

పదిహేడు గొంతులు లేచాయి, ఎవరు లేపారు?
మైనం కాగింది, ఎవరి వేలు కాలింది?
పలక గీకిన పొడి ఎవరి ఒడిలో రాలింది?
ఆట మొదలైతే ఆమె ఎక్కడ? గిన్నెల వెనక.
ఫిలిమోన్ అంటాడు, నేను చేశాను, నేను చేశాను.
ఫిలిమోన్, నీ చేతులు చూపించు.

"ఆరు వరసలు," అన్నాడు ఫిలిమోన్.

"ఏంటి?"

"ఏం లేదు. పో."

అమోస్సె వీధి మలుపు తిరిగాక ఫిలిమోన్ కప్పు గడ్డిలోంచి కాగితం లాగాడు. విప్పి చూశాడు. నున్నటి ఆరు గీతలు. ఈ మాటలు వీటి మీద రాసి ఆఫీసులో ఇస్తే చాలు. తావారెస్ చదువుతాడు, ముఖం చిట్లిస్తాడు, ఇంటి గొడవలు అతిథుల ముందు బాగోవు పెద్దాయనా అంటాడు. ఐక్యత మీద ఏదో ఒకటి పాడేస్తారు. తప్పు ఆఫీసుది అవుతుంది. నేను పోట్లాడాను, వాళ్ళు ఒప్పుకోలేదు అని ఊళ్ళో తలెత్తుకు తిరగొచ్చు. మంగళవారం నాడు ఏ కాగితాన్ని కాదన్నాడో దాన్నే గురువారం నాడు చొక్కా జేబులో పెట్టుకుని ఆ పెద్దమనిషి ఎర్రమట్టి రోడ్డెక్కాడు. పెద్దరికాలు అలాగే ఉంటాయి. ఎదుటివాడి మీద పాట అయితే ఊరి హక్కు, మన మీద అయితే ఇంటి విషయం.

ఆఫీసు రెండు గంటల నడక. కొబ్బరి తోపులు దాటాడు. ఇసుక దిబ్బ ఎక్కాడు. కింద సరస్సు, దాని అవతల సముద్రం. గాలి ఎదురు తోస్తోంది. నోట్లో ఆ మాటలే ఆడుతున్నాయి. ఎవరు లేపారు. అడిగేటప్పుడు మాట పైకి లేస్తుంది, చివర్లో వాలుతుంది. ఎవరి వేలు కాలింది. ఇక్కడ ఇంకా పైకి పోతుంది. అడుగు అడుగుకీ ఒక మాట పడుతోంది. వేళ్ళు తొడల మీద వాటంతటవే కొట్టుకుంటున్నాయి. దిబ్బ దిగేసరికి మూడు వరసలు వచ్చేశాయి. గిన్నెల వెనక అన్నచోట బాణీ ఒక మెట్టు జారింది. అతను నిలబడి ఆ జారుడుని మళ్ళీ పాడుకున్నాడు. లాజరో బతికున్నప్పుడు వచ్చిన బాణీల తరవాత ఇలాంటిది ఒక్కటి రాలేదు. ఆరేళ్ళుగా పాతవాటినే తిప్పి తిప్పి వాయిస్తూ, ఎవరూ గమనించడం లేదులే అనుకుంటున్నాడు.

రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చున్నాడు. పాట బాగుంది. అదే అతని చావు. చెడ్డ పాట అయితే ఆఫీసులో పారేసి వచ్చేవాడే.

చాలాసేపు కూర్చుని వెనక్కి తిరిగాడు. కాగితాన్ని దారిలో ఎక్కడ పడేశాడో అతనికే తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరికీ బాణీ నేర్పాడు. ఆడపిల్లలు రెండోసారికే పట్టేశారు. వాళ్ళ కళ్ళు మెరిశాయి. ఒకామె, "ఇంత బాగా కడతారనుకోలేదు తాతా," అంది, తరవాత ఏమన్నదో తెలిసి నాలిక కరుచుకుంది. ఆట మొదటి నుంచీ పట్టారు. కాళ్ళు, డాళ్ళు, దుమ్ము. మ్జెనో వచ్చింది. ఆడేవాళ్ళు ముందుకొచ్చి వరస కట్టి నోరు తెరిచారు.

ఫిలిమోన్ చేతులు దిగలేదు.

పెద్ద తగ్గిస్తేనే తక్కిన పదహారు మందీ తగ్గిస్తారు. అతను తగ్గించలేదు. ఇంకా పైకెత్తి కొట్టాడు. పలకలు ఊడిపోయేటట్టు కొట్టాడు. పదిహేడు టింబిలాల రొద వాకిలంతా నిండిపోయింది. ఆడపిల్లలు మెడ నరాలు తేలేటట్టు పాడినా పెదాలు కదలడమే కనిపించింది. చివరికి ఒక్కొక్కళ్ళే ఆపేశారు. అమోస్సె డాలు నేల మీద పెట్టి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఒరేయ్. ఆ నాయకుడి పక్కన ఏమున్నాయి?"

ఫిలిమోన్ పుల్ల తలకి చుట్టిన టైరు ముక్క సవరించాడు.

"తుపాకులున్నాయి. అయినా కూర్చుని విన్నాడు. నీ దగ్గర ఉన్నవి రెండు పుల్లలు. వాటితో ఊరంతటి నోరూ నొక్కుతున్నావు. తావారెస్‌కి చేతకానిది నీకు చేతనైంది, మెచ్చుకోవాలి."

"చెయ్యి నొప్పిగా ఉంది. తగ్గించడానికి పట్టు చాలలేదు."

"గట్టిగా కొట్టడానికి చాలిందా?" అని లేచాడు అమోస్సె. "రేపు కూడా ఇలాగే వాయించాలనుంటే ముందే చెప్పు. నేను ఇంట్లో పడుకుంటాను. ఇరవై ఏళ్ళుగా నీ ముందు ఆడుతున్నాను. మూగ ఆట ఆడే వయసు కాదు నాది."

వంట పందిట్లో ఫెలిజార్దా కర్రపెండలం ఆకులు రోట్లో దంచుతోంది. రోకలి చప్పుడు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఫిలిమోన్ ఆ చప్పుడు వింటూ చీకటి పడేదాకా కూర్చున్నాడు. పుల్లలు అతని ఒళ్ళోనే ఉన్నాయి.

*

శనివారం సరస్సు మీద నుంచి గాలి విసురుగా వస్తోంది. గట్టు పొడుగునా జనం. గొడుగులు, బెంచీలు, అతిథులకి వేసిన గుడ్డ పందిరి. తావారెస్ తెల్ల చొక్కా వేసుకుని గడియారం చూసుకుంటూ తిరుగుతున్నాడు. వెనక కొబ్బరి చెట్ల కింద ఆడవాళ్ళు పెద్ద గిన్నెలు ఎక్కించారు. పొగ పక్కకి పరుగెడుతోంది.

వీళ్ళ వంతు వచ్చింది. ఆచారం ప్రకారం ఫిలిమోన్ లేచి వాయించేవాళ్ళ పేర్లు చెప్పాడు, ఒక్కొక్కళ్ళవే పదిహేడు. చివర నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాడు. ఇంకేదో రావాలి అన్నట్టు జనం చూశారు. రాలేదు. కూర్చుని పుల్లలెత్తాడు.

మొదటి ఆటలు చకచకా సాగాయి. ఇరవై నిమిషాలకి కుదించిన ఆట. అయినా జనం కేకలు వేశారు. అమోస్సె వయసు మరిచి ఎగిరాడు. అతిథుల పందిట్లో చప్పట్లు మోగాయి. ఆడేవాళ్ళు వెనక్కి వెళ్ళి డాళ్ళు పక్కన పెట్టి, ఉత్త చేతులతో ముందుకు నడిచారు. మ్జెనో.

ఫిలిమోన్ చేతులకేసి చూసుకున్నాడు. నల్లగా, సన్నగా, నరాలు తేలి ఉన్నాయి. అరచేతుల్లో పుల్లలు పట్టిన చోట కాయలు. వేలి కొసలు నున్నగా ఉన్నాయి. మైనం కాలిన మచ్చ ఒక్కటి లేదు. ఆరు వరసలూ పాడక్కర్లేదు, ఇవి చాలు.

దించాడు.

మెల్లగా కాదు, ఒక్కసారే దించాడు. తక్కిన పదహారు మందీ ఉలిక్కిపడి దించారు. రొద పడిపోయింది. నిప్పుల మీద బూడిద కప్పినట్టు కింద మాత్రం మెదులుతోంది. ఆడపిల్లల గొంతులు గాలి మీద లేచాయి. ఎవరు లేపారు? ఎవరి వేలు కాలింది? గిన్నెల వెనక అన్నప్పుడు బాణీ జారింది, జనం తల తిప్పి కొబ్బరి చెట్లకేసి చూశారు. అక్కడ ఫెలిజార్దా గరిటె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఫిలిమోన్, నీ చేతులు చూపించు. దాన్ని నాలుగుసార్లు పాడాలి. నాలుగుసార్లూ అతను పుల్లల్ని పలకల మీద నిమిరినట్టు తాకాడంతే. ముందు వరసలో ఒక ముసలివాడు, "ఆ పెద్దవాడేనా? వాడి మీదేనా వాడే వాయిస్తున్నాడు?" అని పక్కవాణ్ణి అడిగాడు. అదీ వినబడింది. ఫిలిమోన్ లేవలేదు.

పాట అయిపోయింది. ఇప్పుడు పెద్ద ఒక్కడే ఒక పిలుపు కొట్టాలి. దాని మీద తరవాతి ఆట లేస్తుంది. పదహారు జతల పుల్లలు గాల్లో ఆగి ఉన్నాయి. అతను కొట్టలేదు. సరస్సు అలలు గట్టుకి తగులుతున్నాయి.

"ఫెలిజార్దా!" అని పిలిచాడు ఫిలిమోన్. "శ్రుతి ఎలా ఉంది?"

అమోస్సె తల తిప్పాడు. పాడించుకున్నవాడు జవాబు చెప్పకూడదు. ప్రశ్న అడగకూడదని ఎవరూ అనలేదు.

ఆమె గరిటె పక్కనున్నామె చేతికిచ్చింది. పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక పెంకులోకి ఎత్తుకుని, మైనం ముద్ద చేతబట్టుకుంది. జనం దారిచ్చారు. వచ్చి మొదటి టింబిలా ముందు కూర్చుంది. వేలితో పలక తట్టింది, చెవి వాల్చింది, తరవాతి పలక తట్టింది. రెండో టింబిలా బాగుంది. మూడోదాని దగ్గర ఆగింది. "గాలికి చెమ్మ ఎక్కింది," అంది వాయించేవాడితో. నిప్పు దగ్గరికి పెట్టి పొర ఆరబెట్టింది. తొందరేమీ పడలేదు. పన్నెండోదాని బుర్ర మూతికి మైనం అదిమింది. ఇంత పెద్ద గట్టు మీద ఆ ఒక్కొక్క పలక చప్పుడే వినబడుతోంది.

తావారెస్ వంగి వచ్చాడు. "పెద్దాయనా, ఇరవై నిమిషాలు దాటిపోయింది. అతిథులు..."

"కూర్చో నాయనా," అన్నాడు అమోస్సె. "వాళ్ళక్కూడా ఇప్పుడే అర్థమవుతోంది."

తావారెస్ చుట్టూ చూశాడు, గడియారం చొక్కా చేతి కిందికి లాక్కున్నాడు, అక్కడే ఇసకలో కూర్చున్నాడు.

చివరికి ఫిలిమోన్ టింబిలా దగ్గరికొచ్చింది. ఐదో పలక తట్టింది. మళ్ళీ తట్టింది. కింద బుర్ర విప్పి ఎండకి ఎత్తి చూసింది. పొర నడుమ సన్నటి చీలిక.

"ఇది నిన్నటి నుంచే బాగాలేదు బావగారూ. గట్టిగా కొట్టి చింపుకున్నారు. వాయిస్తుంటే మీకు తెలియలేదా?"

మామూలుగా అయితే అతని దగ్గర దీనికి పది జవాబులుంటాయి. గాలి అనొచ్చు, రద్దీ అనొచ్చు, తెలుసు, ఆట అయ్యాక చెబుదామనుకున్నాను అనొచ్చు.

"తెలియలేదు," అన్నాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టే అన్నాడు. "నాకు ఎప్పుడూ తెలియదు. లాజరో ఉన్నప్పుడూ తెలియలేదు."

ఫెలిజార్దా అతని ముఖంలోకి మొదటిసారి చూసింది. నడుముగుడ్డ కొంగు ముడి విప్పి మడిచిన కొత్త పొర తీసింది. మైనం ముద్దని నిప్పు మీద పట్టింది. బుర్రని అతని రెండు చేతుల్లో పెట్టి, చిల్లు తన వైపుకి తిప్పింది.

"కదలకుండా పట్టుకోండి," అంది.

పట్టుకున్నాడు.